పుట్టిన రాయి, మోసిన రాయి

నిరుడు మా పాత శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి తిరుపతిలో మా ఇంటికొచ్చింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా మర్యాదగా ఒక మాట అడిగింది. "సార్, ప్లేట్ టెక్టానిక్స్ అని ఒక పేపరంతా చదివాం. బోర్లకు చోటు చూపించే ఉద్యోగంలో దాంతో పనేముంది సార్?"

ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇదే మాటను నన్ను చాలామంది చాలా రకాలుగా అడిగారు. కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు నేను గదిలో ఉండగానే పక్కవాడితో అన్నారు. తెలుసుకుందామని అడిగిన మనిషి ఈ అమ్మాయి ఒక్కతే. అందుకే ఆమెకూ, ఆమె తర్వాత వచ్చేవాళ్ళకూ ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషను ఎప్పుడు రావలసింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నది ఇక్కడ రాయను. అది రాయాలంటే వేరే పుస్తకం కావాలి.

మా పని ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. చిత్తూరు జిల్లాలో నేల కింద నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పాలి. చెప్పిన చోట బోరు వేస్తారు. పడితే ఊళ్ళో వాళ్ళ అదృష్టం, పడకపోతే జియాలజిస్టు తప్పు. ఈ లెక్క మారడం నేనైతే చూడలేదు.

కాళ్ళ కింద

తిరుపతిలో ఉండేవాళ్ళు రోజూ కొండను చూసి దణ్ణం పెడతారు గానీ అందులో రాళ్ళు రెండు రకాలని చూడరు. కింద ఉన్నది పొరలు లేని గ్రానైటు. పైన నిటారుగా నిలబడి ఉన్నది అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలున్న గట్టి రాయి. ఆ పైది ఒకప్పటి సముద్రం ఒడ్డు ఇసుక. మా లెక్చరర్ ఒకాయన మమ్మల్ని ఘాట్ రోడ్డులో వరసగా నిలబెట్టి, ఆ రెండూ కలిసే గీత దగ్గర చిటికెన వేలు కింది రాయి మీద, బొటనవేలు పై రాయి మీద పెట్టించాడు. "మీ జానెడులో యాభై కోట్ల ఏళ్ళు కనిపించకుండా పోయినాయిరా" అన్నాడు. ఆ మధ్య కాలానికి అక్కడ రాయే లేదు. బస్సులో పోతున్న యాత్రికులు మేం కొండకు మొక్కుతున్నామనుకుని వాళ్ళూ చేతులు జోడించారు.

ఖండం అనేది ఒకేసారి పోతపోసిన పళ్ళెం కాదు. మా అవ్వ పాత చీరలు కలిపి కుట్టిన బొంత లాంటిది. భూమి పైపెంకు పలకలుగా ఉంటుంది. సముద్రం అడుగున ఉన్న బరువైన పలక ఇంకో పలక కిందికి దూరుతుంది. అక్కడ లోతులో రాయి కరిగి, పైకి పొంగి, చల్లారి తేలికైన రాయి అవుతుంది. అట్లాంటి తేలిక ముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకుని అతుక్కుంటూ పోతే ఖండమైంది. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైటు అట్లా తయారై దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళయింది. గుద్దుకోవడంతో కథ అయిపోదు. అతికిన నేలను భూమి మళ్ళీ లాగుతుంది. లాగినప్పుడల్లా తెగిపోదు. చాలాసార్లు మైళ్ళ పొడవున తిన్నటి నెర్రెలు పడి ఆగిపోతుంది. ఆ నెర్రెల్లోకి కింది నుంచి నల్లటి కరిగిన రాయి ఎక్కి గడ్డకడుతుంది. దాన్నే మేం డైకు అంటాం. కుప్పం వైపు తవ్వి పాలిష్ పట్టి నల్ల గ్రానైటు అని అమ్మేది చాలావరకు ఈ రాయే.

కొన్నిసార్లు నిజంగానే తెగుతుంది. పులికాట్ దాటి సముద్రం ఒడ్డున పడవలు లాగే చోట నిలబడి తూర్పుకు చూస్తే ఇప్పుడు నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒకప్పుడు అటువైపు అంటార్కిటికా మన నేలకు ఆనుకుని ఉండేది. అది విడిపోయింది, మనం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకున్నాం, హిమాలయాలు లేచాయి. ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాం. ఏడాదికి మన బెంగుళూరు మామిడి టెంకలో సగం పొడవంత.

ఇక ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు. గ్రానైటు పగుళ్ళలో నీళ్ళు నడుస్తాయి. డైకు బిగుతు రాయి, నీటిని పోనివ్వదు. నేల కింద అడ్డంగా కట్టిన కట్టలాగా నిలబడుతుంది. వాలు మీది నుంచి వచ్చే నీళ్ళు దాని ఎగువన ఆగుతాయి, దిగువన ఎండిపోతుంది. అంటే రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట ఖండం ఎక్కడ చిరగబోయి ఆగిందో తెలిస్తే, ఈ రోజు బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఇది అర్థం కావడానికి ఇంత సమయం పట్టింది కదా. మా ఇంజినీరుకు ఇందులో సగం కూడా చెప్పే అవకాశం నాకు రాలేదు.

ముందు సీటు

మా ఇంజినీరు చిత్తూరు మనిషే. బోర్లు వేసే రిగ్గుల పని ఆయనకు తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఒప్పుకోవలసిన చోట ఒప్పుకుంటాను. బోరులోంచి వచ్చే దుమ్మును అరచేతిలో నలిపి కింద ఏముందో చెప్పడం నేను నేర్చుకుంది ఆయన దగ్గరే. కానీ ఆయనకు నా మీద నమ్మకం లేదు. ఆయన నమ్మకమంతా గురవయ్య మీద.

గురవయ్య అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడిచే మనిషి. నీళ్ళున్న చోట కాయ దానంతట అది నిలబడుతుందంటాడు. శాఖలో ఆయనకు ఉద్యోగం లేదు, పేరు లేదు. జీపు మాత్రం ఉంది. నేను కూడా ఆ జీపులో పోవలసి వచ్చినప్పుడు గురవయ్య ముందు సీట్లో, నేను వెనక పెట్టెల మధ్య. ఈ విషయం మీద రెండుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. జవాబు రాలేదు.

గురవయ్య మీద నాకు పగ లేదు. ఒకసారి పలమనేరు దోవలో వెనక్కి తిరిగి నాతో అన్నాడు. "మీకు మీటర్లో ముల్లు లేస్తాది, నాకు సేతిలో కాయ లేస్తాది. నీళ్ళు లేయకుంటే ఇద్దర్నీ ఒకే మాట తిడతారు సార్."

తొంభైల చివర, వరసగా వానలు పోయిన ఏళ్ళలో, ఒక సమీక్షా సమావేశంలో ఇంజినీరు నన్ను ఐరాల పక్కన ఒక కాలనీ గురించి అడిగాడు. నేను మొదటి నుంచీ చెబుదామని, ఆ ప్రాంతంలో డైకులు ఎందుకున్నాయో, నేల ఎప్పుడు చీలిందో మొదలుపెట్టాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఏమప్పా, అంటార్కిటికా కత తీరిగ్గా ఇందాం. ఆ కాలనీలో నీళ్ళు యాడుండాయో ముందు అది సెప్పు."

పదకొండు మంది నవ్వారు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు పక్కవాణ్ణి చూసి నవ్వారో నాకిప్పటికీ వరసగా గుర్తుంది.

ఒక్క పాయింటు

ఐరాలకు నాలుగు మైళ్ళలో ఒక పల్లె, దాన్ని ఆనుకుని ముప్పై ఇళ్ళ కాలనీ. అందరూ కూలి పనుల వాళ్ళు. గుడికి పోయేవాళ్ళున్నారు, చర్చికి పోయేవాళ్ళున్నారు. నీళ్ళకు మాత్రం అందరూ ఒకే చోటికి, మైలు దూరంలో ఒక రైతు బావికి పోవాలి. ఆయన కాదనే మనిషి కాదు. అయితే కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే మోటారు తిరిగేది, అప్పుడే బిందెలు నిండేవి. కూలికి పోయిన ఆడవాళ్ళు మోటారు చప్పుడు వినపడితే పని వదిలి పరిగెత్తేవాళ్ళు, ఆ పూట కూలి పోయేది. బావి కూడా అడుగంటుతూ ఉంది.

ఆ ఏడు ఆ కాలనీకి ఒక్క బోరు మంజూరైంది. పాయింటు, అంటే నేను చూపించిన చోటు, ఫెయిలైతే రిగ్గు పక్క ఊరికి పోతుంది, మళ్ళీ వచ్చే ఏడే. ఆ సంగతి నాకూ తెలుసు, కాలనీకీ తెలుసు.

నేను చోటు చూడ్డానికి పోవలసిన రోజు జీపు గురవయ్యతో పలమనేరు పోయింది. నేలలోకి కరెంటు పంపి కింద తడి ఉందో లేదో కొలిచే మీటరు పెట్టె, నాలుగు ఇనుప కడ్డీలు, రెండు చుట్టల వైరు తీసుకుని బస్సెక్కాను. దిగి రెండు మైళ్ళు నడిచాను. కాలనీ పైన, వాలుకు అడ్డంగా, తూర్పు పడమరలుగా నల్లరాళ్ళ వరస. నడుమెత్తు ఉంది, ముళ్ళకంప పెరిగి ఉంది, కనుచూపు మేర తిన్నగా పోతోంది. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్న డైకు. నేల ఉత్తరాన ఎత్తు, దక్షిణాన పల్లం. అంటే నీళ్ళు రాళ్ళకు ఉత్తరాన ఆగాలి. వరసకు పదిహేను అడుగులు ఉత్తరాన కడ్డీలు దిగ్గొట్టాను.

ఖాళీ బిందెతో ఒకామె వచ్చి నిలబడింది. యాభై దాటిన మనిషి. పేరు మునెమ్మ. బావి దగ్గర ఎవరి తర్వాత ఎవరు పట్టుకోవాలో వంతులు పెట్టేది ఆమేనని తర్వాత తెలిసింది. "సార్, ఆ రాళ్ళు" అని ఏదో మొదలుపెట్టింది.

"నాకు తెలుసమ్మా. పది నిమిషాలు పక్కకుండు" అన్నాను.

ఆమె పక్కకుంది. మీటరులో వచ్చిన అంకెలు నేను అనుకున్నట్టు లేవు. నేల మరీ ఎండి ఉంది, కడ్డీలకు పట్టు దొరకలేదులే అనుకున్నాను. ఇంకో రెండు చోట్ల కొలవాలి. చిత్తూరుకు చివరి బస్సు టైమవుతోంది. ఒక రాయి పాతి, సున్నం పూసి, బస్సుకు పరిగెత్తాను. జీపు ఇచ్చి ఉంటే మూడు చోట్లా కొలిచేవాణ్ణి. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తాను. జీపున్నా ఆమె మాట వినేవాణ్ణా అంటే, అది వేరే సంగతి.

పిండి

మూడు వారాల తర్వాత రిగ్గు వచ్చింది. కాలనీ అంతా కదిలి వచ్చింది. ఎవరూ ఆ రోజు కూలికి పోలేదు. టెంకాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు. కంప్రెసర్ మొదలైంది.

వంద అడుగులకు బోరులోంచి తెల్లటి రాతిపిండి. రెండు వందలకు తెల్లపిండి. తడి లేదు, ఒక్క పగులు లేదు. ఇంజినీరు దుమ్ము అరచేతిలోకి తీసుకుని నలిపి నా వైపు చూశాడు. మూడు వందలకు ఆపించాడు.  

పైపులు ఎక్కించుకుని రిగ్గు వెళ్ళిపోయింది. బోరు గుంట మీద ఎవరో బండరాయి పెట్టారు, పిల్లలు పడకుండా. ఆడవాళ్ళు ఎవరి బిందె వాళ్ళు తీసుకుని బావి దోవ పట్టారు. నన్నెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే సమాధానం చెప్పేవాణ్ణి. నా దగ్గర సమాధానాలు చాలా ఉండేవి.

ఇంజినీరు జీపు ఎక్కమన్నాడు. ఎక్కనన్నాను. నల్లరాళ్ళ దగ్గరికి పోయి కూర్చున్నాను. మునెమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెతో కాదు, నాలో నేనే గొణుక్కున్నాను, డైకు పక్కన నీళ్ళు లేకపోవడమేందని.

"డైకో గీకో నాకు తెలీదు సార్" అంది ఆమె. "అవి ఆడ పుట్టిన రాళ్ళు గాదు. మేము మోసి ఏసినవి."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. పైన చెనిక్కాయల చేను ఉంది. దాన్నిండా నల్లరాళ్ళు, దున్నే మడకకు అడ్డం. వాళ్ళ తాత కూలికి పోయి ఆ చేనులో రాళ్ళేరాడు. వాళ్ళ నాయన ఏరాడు. పెండ్లయ్యేదాకా ఆమే గంపతో మోసింది. పల్లానికి మోయడం సులువని, అట్లే గట్టూ అవుతుంది, మేకలూ దూరవని ఆ చేను రైతు ఇక్కడ వరసగా వేయించాడు.

నేను లేచి రెండు రాళ్ళు పక్కకు లాగాను. కింద మామూలు ఎర్రమన్ను. ఇంకో నాలుగు లాగాను. మన్నే.

"పుట్టింది యాడ?" అన్నాను.

చేనులోకి నడిపించింది. డెబ్బై అడుగులు వేశాం. అక్కడ పైకి ఒక్క రాయి కూడా లేదు. మూడు తరాల వాళ్ళు ఏరేస్తే ఎందుకుంటుంది. "ఈడ మన్ను నల్లంగుంటాది, సూడు. వానొస్తే కాలికి అంటుకోని ఇడవదు" అంది. రాళ్ళు కొట్టే నా సుత్తి మొనతో మూరెడు లోతు తవ్వాను. ఉల్లిపొరలు ఊడినట్టు ఊడే నల్లరాయి తగిలింది. అసలు డైకు అదీ. నేను బోరు వేయించింది దానికి దిగువన, ఎండిన వైపు.

"ఆ పొద్దే సెప్పబోతిని" అంది మునెమ్మ. "తెలుసన్నారు గదా."

చదువుకునే పిల్లలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఖండాలు రాళ్ళను ఎట్లా కదిలిస్తాయో నాకు మూడేళ్ళు నేర్పారు. గంపలతో మనుషులు ఎట్లా కదిలిస్తారో ఒక్క గంట కూడా నేర్పలేదు. రాయలసీమలో ఏ పొలం గట్టు చూసినా మనుషులు మోసిన రాళ్ళే. నాకు తెలియక కాదు. మా ఊరి గట్లూ అట్లాంటివే. ఉద్యోగం మీద వచ్చేసరికి అది గుర్తురాలేదు.

ఒక్క వాక్యం

మరుసటి రోజు ఇంజినీరు దగ్గరికి పోయి రెండో బోరు అడిగాను. నియమం ఒప్పుకోదన్నాడు. నేను వదల్లేదు. మధ్యాహ్నం మళ్ళీ పోయాను, సాయంత్రం మళ్ళీ. చివరికి ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

"కింద బండ అడ్డమొచ్చిందని రాస్తే పైవాళ్ళు వచ్చే ఏడు రమ్మంటారు. సోటు సూపించినాయన పొరబడినాడని రాస్తే మళ్ళీ ఇయ్యొచ్చు. నువ్వే రాయి, నువ్వే సంతకం పెట్టు. నేను పంపిస్తా."

ఆయన నన్ను ఇరికించడానికే ఇట్లా అంటున్నాడని నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను. మిగతా సగం ఏమంటుందంటే, ఆ కాలనీకి ఆ ఏడు నీళ్ళు రావడానికి ఉన్న దారి అదొక్కటే, ఆయనకది తెలుసు.

కాగితం రెండు రోజులు నా దగ్గరే ఉంది. జీపు ఇవ్వలేదని రాశాను, చింపేశాను. చివరి బస్సు గురించి రాశాను, అదీ చింపేశాను. ఆఫీసు వరండాలో గురవయ్య కనిపించి సంగతి కనుక్కున్నాడు. "రాసేయండి సార్" అన్నాడు. "మీకు తప్పు రాసుకునేదానికి కాగితమన్నా ఉండాది. నాకైతే కాయ తప్పిన ఊరికి మళ్ళీ పోయే దోవే లేదు."

రాశాను. "పొలం గట్టుగా పేర్చిన రాళ్ళను డైకుగా పొరబడి చోటు తప్పుగా చూపించాను." అంతే. మూడు వారాలకు జరిగిన తర్వాతి సమావేశంలో ఇంజినీరు దాన్ని పైకి చదివాడు. ఈసారీ నవ్వారు. నేను ఆ గదిలోనే కూర్చుని విన్నాను. చదవడం అయ్యాక ఆయన అందరి ముందూ దాని మీద సంతకం పెట్టి పైకి పంపాడు.

మంజూరు వచ్చి రిగ్గు కదలడానికి నెల పట్టింది. ఈలోగా నేను మళ్ళీ పోయి ఐదు చోట్ల కొలిచాను. డైకు ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడుతుందో మునెమ్మ కాలితో గీసి చూపించింది. ఆమె గీత, నా మీటరు దాదాపు ఒకటే చెప్పాయి. నల్లమట్టికి ఉత్తరాన, చేను మూలలో చోటు గుర్తుపెట్టాను. చేను రైతు ఒక మాట కూడా అనకుండా ఒప్పుకున్నాడు.

రెండోసారి రిగ్గు వచ్చినప్పుడు పనికి పోవలసిన వాళ్ళు పోయారు. టెంకాయ ఒకటే కొట్టారు. తొంభై అడుగులకు పిండి రంగు మారింది. నూట పది దాటాక తడి పలుకులు, తర్వాత బురద. నూట ముప్పై దగ్గర నీళ్ళు ఎగజిమ్మాయి. ఇంజినీరు ముఖం తుడుచుకుంటూ ధార రెండంగుళాలకు పైనే అన్నాడు. పొలాల్లో నుంచి ఆడవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. చేతి పంపు బిగించడానికి ఇంకా వారం పడుతుంది, అయినా బోరు పక్కన కాలువ కట్టి పారే బురదనీళ్ళనే తేరబెట్టుకుందామని బిందెలు తెచ్చారు. మునెమ్మ అక్కడికక్కడే వంతులు పెట్టడం మొదలుపెట్టింది.

నేను ఆమె దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో దాచను. ఒక మంచి మాట కోసం పోయాను. ఈ నీళ్ళు ఇక్కడ ఎందుకు ఆగాయో చెప్పాను. నేల చీలబోయి ఆగడం, కింది నుంచి నల్లరాయి ఎక్కడం, కోట్ల ఏళ్ళుగా అది కట్టలా నిలబడి ఉండటం, అంతా చెప్పాను. ఎవరూ అడ్డు తగలకుండా ఆ కథ మొత్తం చెప్పింది ఉద్యోగంలో అప్పుడే. ఆమె చివరిదాకా విన్నది.

"అంత కాలం నుంచి ఆడనే ఉండాయా నీళ్ళు" అంది. తర్వాత బిందె నడుముకు ఎత్తుకుంటూ, కోపం లేకుండానే అంది. "మొదటి పొద్దే మమ్మల్ని అడిగింటే, ఈ రెండు నెల్లు మాకు ఆ బాయి దోవ తప్పుండు గదా సార్."

"తప్పేదమ్మా" అన్నాను. నా ఉద్యోగంలో ఎదురు చెప్పకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.